అవ్వ నాది కాదన్న దూడ

ముప్పై నాలుగేళ్ళు పశువుల దవాఖానల్లో కాంపౌండరుగా పనిచేశాను. కడుపులో అడ్డం తిరిగిన దూడలను బయటికి లాగాను, విరిగిన కొమ్ములకు కట్లు కట్టాను, ఒక ఎద్దు తన్నితే రెండు పళ్ళు పోగొట్టుకున్నాను. ఇంత సర్వీసులో ప్రభుత్వం నా మీద చర్య తీసుకున్నది ఒక్కసారే. అది ఒక దూడ చెవికి చిల్లు పెట్టినందుకు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, మీ రోజుల్లో పని ఎట్లా ఉండేదని అడుగుతుంటారు. ఏదో ఘనకార్యం చెబుతానని ఆశగా కూర్చుంటారు. నాకు మాత్రం ముందు ఆ చిల్లే గుర్తొస్తుంది.

డెబ్బైల చివరి సంగతి. నాకింకా ముప్పై నిండలేదు. మేడారానికి కొంత దూరంలో, అడవి మధ్య ఉన్న ఒక చిన్న దవాఖానకు బదిలీ చేశారు. వరంగల్‌లో ఉన్నవాళ్ళు ఆ వైపు బదిలీ అయిందంటే పెట్టె సర్దుకోకముందే సిఫారసు చేసే వాళ్ళ కోసం వెతుక్కునేవాళ్ళు. నాకు అట్లాంటి వాళ్ళెవరూ లేరు. మా నాన్న రఘునాథపల్లి దగ్గర రైలు పట్టాల మీద కూలి పని చేసేవాడు. మా అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఒక దుప్పటీ, ఒక సీసా మామిడికాయ తొక్కు ఇచ్చి బస్సెక్కించింది.

దవాఖానలో మేం ముగ్గురం. డాక్టరు గారు వర్ధన్నపేట వైపు వ్యవసాయదారుల ఇంట్లో పుట్టినవారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు. పశువును తాకకముందు కాసేపు దాని ఎదురుగా ఊరికే నిలబడేవారు. దాన్ని నేను అప్పట్లో బద్ధకం అనుకునేవాడిని. మూడో మనిషి మా అటెండరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ముస్లిం. నేను ఆయన్ని భాయ్ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. ఆ సార్ అనడంలో గౌరవం ఎంతో వెక్కిరింత ఎంతో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

అప్పట్లో మా ఉద్యోగాలన్నీ ఒక్క రోగం చుట్టూ తిరిగేవి. జనం దాన్ని పెద్దరోగం అనేవాళ్ళు. పశువు ముందు మేత మానేస్తుంది. కళ్ళు కారతాయి, నోట్లో పుళ్ళు పడతాయి, ఆ తరవాత నెత్తురు విరేచనాలు. వారం తిరిగేసరికి కొట్టం ఖాళీ. మీలో ఎవరూ దాన్ని చూసి ఉండరు, ఎందుకంటే ఇప్పుడది భూమ్మీదే లేదు. అది పోవడంలో నా సూది పాత్ర కూడా కాస్త ఉందని మనవళ్ళ దగ్గర గొప్పలు చెప్పుకుంటాను. వాళ్ళు తలూపి టీవీ చూసుకుంటారు.

మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. అప్పుడు జనం ఎక్కువగా ఎడ్లబండ్ల మీదే వచ్చేవాళ్ళు. ఎక్కడెక్కడి ఎడ్లో ఒకే వాగులో నీళ్ళు తాగేవి. కాబట్టి జాతరకు ముందే చుట్టుపక్కల ఊళ్ళ పశువులన్నిటికీ టీకాలు వెయ్యాలని, ఇన్ని వెయ్యాలని పైనుంచి ఆర్డరు వచ్చేది. మందు వరంగల్ నుంచి బస్సులో, ఐసు నింపిన డబ్బాలో వచ్చేది. సీసాకు వంద డోసులు. ఒకసారి మూత తీసి నీళ్ళు కలిపామంటే రెండు గంటల్లో వాడెయ్యాలి. మిగిలింది పారబోయాలి. టీకా వేసిన ప్రతి పశువు చెవికీ బస్సు కండక్టరు టికెట్టుకు కొట్టినట్టు ఒక చిల్లు కొట్టి, రిజిస్టరులో యజమాని పేరు రాసుకోవాలి.

పని ఇంతే. నాకు కష్టమనిపించింది అందులో ఒక్కటే, పారబొయ్యడం. ఆకలి తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. పళ్ళెంలో ఒక్క మెతుకు మిగిలినా మా అమ్మ ఊరుకునేది కాదు. ఏ ఊరికి పోయినా సీసాలో ఒక్క డోసు కూడా మిగలకుండా చూసుకునేవాణ్ణి. ఆఖరి డోసు కోసం ఊరంతా తిరిగి ఎక్కడో కంచె మూల దాక్కున్న లేగదూడను పట్టుకొచ్చిన రోజులున్నాయి. భాయ్ నన్ను చూసి నవ్వేవాడు. ఈ సార్‌కు పశువు దొరక్కపోతే నాకే సూదేస్తడని ఊళ్ళల్లో చెప్పేవాడు.

జాతర ఇంకా నెల ఉందనగా ఒక కోయగూడేనికి వెళ్ళాం. పొద్దున మొదలుపెడితే ఎండెక్కేసరికి పశువులన్నీ అయిపోయాయి. సీసాలో కొద్దిగా మిగిలింది. గూడెం చివర, అడవి అంచున ఒక గుడిసె ఉంది. అందులో ఒక ముసలావిడ ఒక్కతే ఉంటుంది, ఆమెకు ఒక్క బర్రె ఉందని చెప్పారు. అక్కడికి నడిచాం. ఆ బర్రెకు వేశాను. సీసాను ఎండకు ఎత్తి చూస్తే ఇంకొక్క డోసు ఉంది. అప్పుడే బర్రె వెనకనుంచి ఒక దూడ తల బయటపెట్టింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. పట్టుకోమన్నాను. భాయ్ చెవి పట్టబోతే ఆ దూడ ఆయన మోకాలి మీద తన్నింది. మామూలు దూడలు తన్నేటట్టు కాదు, ఆయన పోయి పిడకల కుప్ప మీద పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుంటూ, దీని కాళ్ళు మోకాళ్ళ కింద తెల్లగున్నాయి, గిట్టలు చూడండి ఎంతెంతున్నాయో, ఇది మన దూడల తీరు లేదు సార్ అన్నాడు. కాళ్ళతో నీకేం పని భాయ్, చెవి పట్టు అన్నాను.

ఆ ముసలావిడ గుడిసె ముందు కూర్చుని నిరుడు ఎండబెట్టిన ఇప్పపువ్వు ఏరుతోంది. నేను రిజిస్టరు తీస్తుంటే లేచి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉండేది. నేను ఆమెను అవ్వా అన్నాను.

"ఇది నాది గాదు బిడ్డా," అంది. "కార్తీకంల నా బర్రె దూడ సచ్చిపోయింది. తెల్లారి బర్రె అడివిల మేసి వచ్చేటాల్లకు ఇది ఎమ్మడి వడి వచ్చింది. రెండుమాట్ల ఎల్లగొట్టొచ్చిన. మళ్ళొచ్చి పాలు తాగుతాంది."

నేను విన్నానా అంటే విన్నాను. చెవిలో పడింది. కాని చేతిలో సూది ఉంది, సీసాలో డోసు ఉంది, గడియారంలో రెండు గంటలు అయిపోవస్తున్నాయి. నా ముందున్నది పశువు, పశువుకు టీకా వెయ్యాలి, వేసిన పశువుకు ఒక యజమాని ఉండాలి. పాలు నీ బర్రెవేగా అవ్వా, అయితే నీదే అన్నాను. సూది వేశాను, చెవికి చిల్లు కొట్టాను, ఆమె పేరు ఎదుట బర్రె ఒకటి, దూడ ఒకటి అని రాశాను. అవ్వ గుడిసెలోకి పోయింది. దూడ చెవి నుంచి కారుతున్న నెత్తురుకు పసుపు తెచ్చి అద్దింది. ఖాళీ సీసా చూసుకుని నేను తృప్తిగా ఇంటికి వెళ్ళాను.

వాళ్ళ గూడెంలో చాలా ఇళ్ళల్లో పాలు పిండుకునే అలవాటు లేదు. పాలు దూడవి, మనవి కావు అనేవాళ్ళు. అందుకే ఆ దూడ ఒక బర్రె పాలు మొత్తం తాగి పెరిగింది. మా వైపు పుట్టిన దూడకు అట్లాంటి అదృష్టం కలలో కూడా దొరకదు.

జాతర అయిపోయింది. ఎండలు ముదిరాయి. అనుకున్నట్టే పెద్దరోగం వచ్చింది, ఎటునుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. టీకాలకు రాకుండా పశువులను అడవిలో దాచిపెట్టుకున్న ఒకటి రెండు ఊళ్ళు బాగా నష్టపోయాయి. చిల్లు చెవుల పశువులు మాత్రం నిలబడ్డాయి. మేం ముగ్గురం తిండి, నిద్ర మరిచి తిరిగాం.

ఆ రోజుల్లోనే అటవీ శాఖ రేంజరు ఒకాయన డాక్టరు గారి దగ్గరికి వచ్చాడు. కొత్తగా వచ్చినవాడు, వయసులో చిన్నవాడు, మాట తక్కువ. జీపులోంచి ఒక పుర్రె దింపించాడు. దాని కొమ్ములు మా వరండా స్తంభాల మధ్య పట్టలేదు, అడ్డంగా తిప్పి పెట్టాల్సి వచ్చింది. వాగు అవతల లోతట్టు అడవిలో చచ్చిపడి ఉందట. ఇట్లాంటివి ఇంకో రెండు కళేబరాలు కనిపించాయట. అవి అడవి బర్రెలని, మన ఇళ్ళల్లో బర్రెలన్నిటికీ పెద్దక్కల్లాంటివని, ఒకప్పుడు గోదావరికి ఇటూ అటూ మందలుండేవని, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉన్నాయో లేదో అని చెప్పాడు. ఈ వైపు అసలు లేవనే తాను అనుకున్నానని, ఉన్నాయని తెలిసేసరికి ఇట్లా చచ్చి కనిపించాయని అన్నాడు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. పుర్రె తెచ్చి ఏడ్చే ఆఫీసరును నేనప్పుడే చూశాను.

డాక్టరు గారు ఆ పుర్రె ఎదురుగా చాలాసేపు నిలబడ్డారు. మన పశువుల రోగం వాటికి అంటుకుందయ్యా అన్నారు. నేను కూడా అయ్యో అనుకున్నాను. తెల్ల కాళ్ళ దూడ నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చిందని ఇప్పుడు రాసుకుంటే బాగుంటుంది గాని, అది అబద్ధం అవుతుంది.

వైశాఖంలో ఒక పొద్దున కబురొచ్చింది. నిషేధించిన అడవిలో మేస్తున్న ఒక బర్రెను, దూడను ఫారెస్టు గార్డు తోలుకొచ్చి బందెల దొడ్డిలో పెట్టాడు. మేయగూడని చోట మేసిన పశువులను పట్టుకొచ్చి కట్టేసే దొడ్డి అది. యజమాని జుర్మానా కట్టి విడిపించుకోవాలి. రోజూ జరిగేదే. కాని రేంజరు ఆ దూడను చూసి డాక్టరు గారిని పిలిపించాడు. రిజిస్టరు పట్టుకుని రమ్మని నాకూ చెప్పాడు.

మేం పోయేసరికి అవ్వ దొడ్డి గోడను ఆనుకుని నిలబడి ఉంది. గూడెం నుంచి చీకటితో లేచి నడుచుకుంటూ వచ్చిందట. లోపల ఆమె బర్రె, దాని పొట్టకు ఆనుకుని ఆ దూడ. నాలుగు నెలల్లో ఏపుగా పెరిగింది. కొమ్ములు అప్పుడే పక్కలకు సాగుతున్నాయి. మా దూడలు మనుషులను చూస్తే మేత కోసం చూస్తాయి. ఇది తల పైకెత్తి ముక్కుతో మమ్మల్ని చూసింది. నాకు అప్పుడు తెలిసింది. పుర్రె, తెల్ల కాళ్ళు, తన్ను, అవ్వ మాట అన్నీ ఒక్కసారే తెలిసొచ్చాయి. చేతిలోని రిజిస్టరు బరువెక్కింది.

డాక్టరు గారు తన అలవాటు ప్రకారం నిలబడ్డారు. తరవాత నాకొక్కడికే వినబడేటట్టు, చెవికి చిల్లెవరు కొట్టిండ్రయ్యా అన్నారు. నేను కొట్టాను సార్ అన్నాను. కొట్టేటప్పుడు దీని మొహం చూడలేదా అన్నారు. 

రేంజరు నా రిజిస్టరు తీసి చూశాడు. అవ్వ పేరు ఉంది, దూడ ఉంది, తేదీ ఉంది, నా సంతకం ఉంది. ఆయన మొహం చూస్తే, ఇది అడవిదేనని ఆయనకు తెలుసు, రిజిస్టరు కాదంటోందని తెలుస్తోంది. అవ్వను పిలిచి ఈ దూడ ఎవరిదని అడిగాడు.

"మందది," అంది అవ్వ.

ఏ మంద అన్నాడు. అడవి మంద, నాది కాదు అంది. నీ పేరు పుస్తకంలో ఉందే అంటే, పుస్తకంలో ఎవరు రాశారో తనకు తెలియదని, తానైతే చెప్పలేదని అంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

రేంజరు చెడ్డవాడు కాదు. చట్టం ఎట్లా ఉందో అట్లా చెప్పాడు. నీదే అంటే జుర్మానా కట్టి రెండింటినీ తోలుకపో, నీది కాదంటే అడవి జంతువును పట్టి ఇంట్లో కట్టేసుకున్నట్టు లెక్క, కేసు అవుతుంది, వరంగల్ కోర్టుకు తిరగాలి, జైలు కూడా పడొచ్చు, ఆలోచించుకుని చెప్పు అన్నాడు.

అవ్వ ఆలోచించుకుంది. దొడ్డి లోపలికి చూసింది. దూడ పాలు కుడుస్తోంది, బర్రె కళ్ళు మూసుకుని ఉంది. నేను జైలుకు పోతే నా బర్రెను ఎవరు చూస్తారు అని అడిగింది. 

"అయినా నాది గానిదాన్ని నాదని ఎట్లంట," అంది. "అది మందలకు పోవాలె. నేను నాదంటె ఇగ అది ఏ మందకు పోతది?"

నేను అప్పటిదాకా మంచి ఉద్యోగిననే అనుకునేవాణ్ణి. లంచం ముట్టలేదు, డ్యూటీ ఎగ్గొట్టలేదు, ఒక్క చుక్క మందు వృథా చెయ్యలేదు. ఇక్కడేమో ఒక్క మాట కూడా అబద్ధం చెప్పని ఒక ముసలామె, నేను రాసిన ఒక్క గీత వల్ల అయితే అబద్ధాలకోరు కావాలి, లేకపోతే దొంగ కావాలి. భాయ్ నా మోచెయ్యి గిల్లి, జర ఊకోండ్రి సార్, మీరేమనకపోతే దూడ ఆమెదే అయితది, జుర్మానా మనమే ఇచ్చేద్దాం, ఆమె ఇంటికి పోతది, కథ ఖతం అన్నాడు. ఆయన నా మంచికే చెప్పాడు. అవ్వ మంచికి కూడా. ఒక్క దూడకు తప్ప అందరికీ అదే సులువు.

రిజిస్టరు నా చేతికి తిరిగొచ్చింది. ఆ పేజీ తెరిచే ఉంది. 

"అవ్వ ఆ రోజే చెప్పింది సార్," అన్నాను. "నాది గాదని చెప్పింది. నేనే ఇనలేదు. ఒక డోసు మిగిలిందని ఏసిన, ఏసిన అని ఆమె పేరు రాసిన."

రేంజరు జేబులోంచి పెన్ను తీశాడు. ఇదే మాట కాగితం మీద రాసిస్తారా అన్నాడు. రాసిస్తే, దూడ తనంతట తానే బర్రె వెంట వచ్చినట్టు, ఆమె వెళ్ళగొట్టినా పోనట్టు, గుర్తు వేసి ఆమె పేరున రాసింది పశువుల శాఖ అయినట్టు అవుతుంది. పట్టి కట్టేసుకున్న నేరం ఆమె మీదికి రాదు. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. కాగితం మీద పడినంక అది మనది కాదయ్యా, చూసి రాయి అన్నారు. నేను రాశాను. తప్పులు పోయి రెండుసార్లు కొట్టేశాను. ఆయన చదివి, నా భాష సరిచేసి, కింద తన చేత్తో ఇంకో వాక్యం చేర్చారు. ఇది నా పర్యవేక్షణలో జరిగిన పొరపాటు అని. పెన్షను కాగితాలు నడుస్తున్న మనిషి ఆ వాక్యం రాయడం అంటే ఏమిటో మీకు ఉద్యోగం పాతబడ్డాక తెలుస్తుంది. నేను వద్దన్నాను. చదివిన దాని కింద సంతకం పెట్టడమే కదా నా పని అన్నారు.

తరవాత మెమో వచ్చింది. నాకొక ఇంక్రిమెంటు ఆగింది. డాక్టరు గారికి ఒక సంజాయిషీ నోటీసు వచ్చింది, పెన్షను మాత్రం దేవుడి దయవల్ల ఆగలేదు. మా అమ్మకు ఉత్తరం రాస్తే, ఒక్క మెతుకు పారెయ్యవద్దన్నాను గాని ఊళ్ళో వాళ్ళ నోట్లో కుక్కమన్నానా అని మా చెల్లెలి చేత జవాబు రాయించింది. ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ నాకు తేలదు. ఆ వేసవిలో అడవిలో ఉన్న దాని వాళ్ళు కొందరు రోగంతో పోయారు. ఇది ఆ రోగం తగిలిన గూడేల పక్కనే తిరిగి కూడా బతికింది. నా తప్పే దాన్ని కాపాడిందేమో. అట్లాగని తప్పు ఒప్పయిపోదు. నేను దాన్ని కాపాడదామని వెయ్యలేదు, సీసా ఖాళీ చేద్దామని వేశాను.

దూడను ఏం చెయ్యాలన్నది ఇంకా మిగిలే ఉంది. జంతుప్రదర్శనశాలకు పంపమని పైవాళ్ళు ఎవరో అన్నారట. రేంజరు ఒప్పుకోలేదు. వాగు మీద, అడవి లోపల ఒక మడుగు ఉంది. ఎండాకాలంలో చుట్టుపక్కల నీళ్ళన్నీ ఎండిపోయినా అందులో ఉంటాయి. మిగిలిన అడవి బర్రెలు కొన్ని సాయంకాలాలు అక్కడికి దిగుతున్నాయని ఆయన మనుషులు చూశారు. దూడను అక్కడ వదిలితే పాలు లేక, మంద చేర్చుకోక చస్తుంది. అందుకని ఆయన అవ్వ దగ్గరికే వచ్చాడు. రోజూ బర్రెను మడుగు దాకా తోలుకొచ్చి, దూడను అక్కడే ఉంచి పోవడానికి వీలవుతుందా అని అడిగాడు. మొన్న జైలు సంగతి చెప్పిన మనిషి ఈసారి అవ్వా అని పిలిచాడు. అవ్వ, బర్రెను అడిగి చెబుతానంది. మేం నవ్వాం. ఆమె నిజంగానే పోయి బర్రె మెడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వచ్చి, సరే అంది.

డాక్టరు గారు నన్ను దూడ ఆరోగ్యం చూసే పని మీద వేశారు. శిక్ష అనుకుంటవో సెలవనుకుంటవో నీ ఇష్టం అన్నారు. అట్లా పద్దెనిమిది రోజులు నేను, అవ్వ, బర్రె మధ్యాహ్నం దాటాక అడవిలోకి నడిచాం. మొదటి రోజుల్లో దూడ మాతోనే తిరిగొచ్చేది. అవ్వ రాళ్ళు విసిరేది, తగలకుండా. తరవాత అది మడుగు దగ్గరే ఉండిపోవడం మొదలుపెట్టింది. మేం పోయేసరికి ఎదురొచ్చి కడుపారా కుడిచేది. తుమ్మ పొదల వెనక కూర్చుని మేం చూసేవాళ్ళం. ఒకరోజు అడవి బర్రెలు దిగాయి. అంత పెద్ద జంతువులు అంత చప్పుడు లేకుండా నడుస్తాయని నేను అనుకోలేదు. దూడ దగ్గరికి పోతే వాటిలో ముసలిది కొమ్ముతో నెట్టేసింది. అవ్వ తన తొడ మీద చరుచుకుంది, దెబ్బ తనకే తగిలినట్టు. రెండో రోజు కూడా నెట్టింది. మూడో రోజు నెట్టలేదు, దాన్ని నిలువెల్లా వాసన చూసింది. ఆ రాత్రి నాకు ఆనందంతో అన్నం సహించలేదు.

అవ్వ ఆ దారిలో నాతో పెద్దగా మాట్లాడేది కాదు. ఒకరోజు మాత్రం, ఆ రోజు నా మాట వినలేదని అనుకుంటానవా బిడ్డా అంది. అవునన్నాను. ఇన్నవు గని ఆగలే అంది. నా సర్వీసు మొత్తానికి నాకు దొరికిన కాన్ఫిడెన్షియల్ రిపోర్టు అదే. మీకు కూడా ఎక్కడో ఒక దగ్గర ఒక డోసు మిగులుతుంది పిల్లలూ. పారబొయ్యండి.

పద్దెనిమిదో రోజు మేం పోయేసరికి మంద అప్పటికే నీళ్ళు తాగి లేచింది. దూడ వాటితో ఉంది. ఇసుక దాటి అవతలి గట్టెక్కుతున్నాయి. మబ్బులు పట్టి ఉన్నాయి. వాన పడితే వాగు నిండుతుంది, అవి ఇక ఈ మడుగుకు రావని రేంజరు ముందే చెప్పి ఉన్నాడు. దూడ అన్నిటికంటే వెనక ఉంది. పొదల దగ్గర నిలబడి అవ్వ దాన్ని చూస్తోంది.

మా బర్రె చూసింది. పొదుగు నిండుగా ఉంది. మెడ సాచి ఒక్కసారి అరిచింది.

దూడ ఆగింది. వెనక్కి తిరిగింది. ఇసుకలోకి నాలుగు అడుగులు దిగింది. అవతల మంద ఆగలేదు, చెట్లలోకి పోతోంది.

బర్రె రెండోసారి గొంతు ఎత్తబోయింది. అవ్వ ఒక్క ఉదుటున పోయి దాని మూతిని రెండు చేతులతో వాటేసుకుంది.

"పిలువకే నా తల్లీ," అంది. "పిలిస్తె మళ్ళొస్తది. పిలువకే."

ఆమె ఏడుస్తోంది. బర్రె తల విదిలిస్తే ఆ ముసలి ఒళ్ళు ఊగిపోతోంది. నేను సంచీ కింద పడేసి పోయి రెండో వైపు నుంచి పట్టుకున్నాను. నా చెంప దాని చెంపకు ఆనింది. మెడ కింద, గొంతులో, ఆ పిలుపు కొట్టుకోవడం నా అరచేతులకు తెలుస్తోంది.

దూడ ఇసుకలో నిలబడి విన్నది. చాలాసేపు విన్నది.  తరవాత అది తిరిగి, పరుగున గట్టెక్కి, చెట్లలోకి వెళ్ళిపోయింది. వాన మొదలైనా మేం చేతులు తియ్యలేదు.